అనపగింజలు ఎండబెట్టే ముందు జాగ్రత్తలు

• పితికిపప్పుకని (పచ్చిగింజలు నానబెట్టి తొక్క పితికి తీసే పప్పు) కోసిన పచ్చికాయలు దీనికి పనికిరావు. చెట్టుమీదే ఎండి, ఊపితే గలగలమనేవే కోయండి.

• చిత్తూరు వైపు సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచు బాగా ఉంటుంది. అది ఆరాకే మిద్దెమీద పాత చీర పరిచి గింజలు పోయండి. పొద్దు వాలకముందే ఎత్తేయాలి.

• గుండ్రటి చిన్న బొక్క ఉన్న గింజను ఏరేయండి, పురుగు తొలుచుకుని బయటికొచ్చిన గుర్తది. బొక్క లేనంత మాత్రాన నమ్మడానికీ లేదు, గుడ్లు చేలోనే పడతాయి. అందుకే డబ్బాకెత్తాక కూడా అప్పుడప్పుడు చూస్తుండాలి.

• ఎండిన గింజ పంటితో కొరికితే టక్కున విరగాలి. నొక్కు పడితే ఇంకో ఎండ కావాలి.

• వేడిమీద మూత పెట్టొద్దు, చెమట పట్టి బూజొస్తుంది.

• డబ్బాలో వేపాకు నీడన ఎండిందే వేయండి.

• విత్తనాలకు బూడిద కలిపి వేరే ఉంచండి.