బోటు ఇంజన్‌లో నీళ్లా? హెడ్ దింపేముందు ఎగ్జాస్ట్ చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ జెట్టీకి కట్టేసి ఉన్న బోట్లలో కొన్ని, మళ్లీ వేటకు బయల్దేరే రోజున సెల్ఫ్ కొడితే కదలవు. విశాఖైనా, కాకినాడైనా, నిజాంపట్నమైనా అప్పుడు మొదట వినపడే మాట "హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లకీ, పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పోయుంటుంది, హెడ్ దింపేద్దాం" అని. తొందరపడకండి. సిలిండర్‌లోకి ఉప్పునీళ్లు చేరాయంటే చాలాసార్లు అవి వచ్చేది పొగ పోయే దారినే.

సమస్య: సెల్ఫ్ కొడితే 'టక్' మని ఆగిపోతోంది

పిస్టన్ మీద నీళ్లు నిలిచి ఉండొచ్చు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. మొండిగా మళ్లీ మళ్లీ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సీ కాక్ (సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు) మూసి, బ్యాటరీ వైరు తీసి, ఇంజెక్టర్లన్నీ విప్పి ఇంజన్‌ని చేత్తో తిప్పండి. రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, మొహం అటు పెట్టొద్దు. ఏ సిలిండర్‌లోంచి వచ్చాయో సుద్దముక్కతో రాసుకోండి. పక్కపక్కనున్న రెండింట్లోనే ఉంటే గ్యాస్కెట్‌ని అనుమానించడం సబబే.

ఆ నీళ్లు సముద్రానివా, కూలెంటా (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవమా)? నాలుక మీద వేసి చూడొద్దు, కూలెంట్ విషం. పాత రేకు మూతలో కాసిని పోసి ఆరుబయట వేడి చేయండి. ఇగిరాక తెల్లగా ఉప్పు పేరుకుంటే సముద్రపు నీళ్లు. జిగటగా రంగు మరక మిగిలితే కూలెంట్. హెడర్ ట్యాంకులో (కూలెంట్ పోసే ట్యాంకు) మట్టం కూడా తగ్గి ఉంటుంది. అప్పుడు హెడ్, గ్యాస్కెట్, నీటి జాకెట్ ఉన్న మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టం) వైపు వెళ్లండి. ఇంజన్‌లో తిరిగేది నేరుగా సముద్రపు నీరే అయితే మాత్రం ఈ పరీక్షతో తేలదు.

ఉప్పునీళ్లయితే మూడు దారులు చూడాలి. మొదటిది మన చేతి పనే. డీజిల్ లైన్‌లో గాలి పట్టి ఇంజన్ అందుకోకపోతే సెల్ఫ్ కొడుతూనే ఉంటాం. పొగని చల్లబరచడానికి సముద్రపు నీటి పంపు తిరుగుతూ సైలెన్సర్‌లో నీళ్లు పోస్తుంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సర్ నిండితే ఆ నీళ్లు వెనక్కే వస్తాయి. గాలి తీసేటప్పుడు సీ కాక్ మూసి ఉంచండి, ఇంజన్ అందుకున్న వెంటనే తెరవండి. ఆలస్యమైతే ఇంపెల్లర్ (పంపులోని రబ్బరు రెక్కల చక్రం) కాలిపోతుంది.

రెండోది సైఫన్, అంటే ఇంజన్ ఆగాక కూడా నీళ్లు గొట్టంలోంచి వాటంతట అవే లోపలికి లాగుకు రావడం. ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలిసే చోటు నీటిమట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల పైన లేకపోతే, పైకి గాలి రంధ్రమున్న లూపు తప్పనిసరి. ఆ రంధ్రంలో ఉప్పు బిగుసుకుంటే లూపు ఉన్నా లేనట్టే. ఖాళీ బోటులో ఈ కొలత తీసుకుని నిశ్చింతగా ఉంటారు. ఐసు, డీజిల్, చేపలు నిండాక బోటు ఎంత దిగుతుందో చూసి కొలవాలి.

మూడోది ఎల్బో, పొగలో నీళ్లు కలిసే వంపు గొట్టం. పైకి రంగు వేసి బాగానే కనిపిస్తుంది, లోపల నీటికీ పొగకీ మధ్య గోడ తుప్పుకి చిల్లు పడి ఉంటుంది. విప్పి, నీటి భాగం రెండు చివరలా మూసి, కొద్దిగా గాలి ఎక్కించి నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగలు వస్తే మార్చడమే. వెల్డింగ్ చేయిస్తామంటారు, కాస్ట్ ఐరన్ మీద ఆ వెల్డింగ్‌ని నేనైతే నమ్మను.

సైలెన్సర్ పైకి నిలువుగా ఉన్న బోట్లకి ఈ గొడవ లేదు, వాన గొడవ ఉంది. కట్టేసేటప్పుడు గొట్టం నోరు మూయండి.

సమస్య: డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది

మూత కింద మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉంటే అది తేమ కావచ్చు. ఆయిలంతా అలాగే ఉంటే నీళ్లు కలిసినట్టే. పైన చెప్పిన దారులతో పాటు ఆయిల్ కూలర్ కూడా చూడండి. అది చిల్లుపడితే ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ నీళ్లలోకి పోతుంది, ఆగాక నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి.

ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ఉప్పునీళ్లు గంటల్లోనే బేరింగుల్ని, లైనర్లని తినడం మొదలుపెడతాయి. దారి మూశాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, లోడు లేకుండా కాసేపు నడిపి, వేడిగా ఉండగానే ఆ ఆయిల్ దింపేయండి. రంగు తేటపడేదాకా ఇదే పని. మెకానిక్ రేపు గానీ రాడంటే, నీళ్లు తీసేసిన సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పి ఉంచండి.

సమస్య: తెల్లపొగ

గాల్లో వెంటనే మాయమైతే ఆవిరి. కళ్లు మండించి, నీటి మీద రంగుల తెట్టు వదిలితే కాలని డీజిల్, ఇంజెక్టర్లు చూడాలి. ఆవిరితో పాటు వెనక పడే నీళ్లు కూడా తగ్గితే ముందు స్ట్రెయినర్ (నీళ్లలో చెత్తని ఆపే జల్లెడ), తర్వాత ఇంపెల్లర్ చూడండి. ఇంపెల్లర్ రెక్క విరిగితే కొత్తది వేసి వదిలేయొద్దు. విరిగిన ముక్క హీట్ ఎక్స్‌చేంజర్ (సముద్రపు నీటితో కూలెంట్‌ని చల్లబరిచే భాగం) మూతిలో అడ్డం పడి ఉండొచ్చు, వెతికి తీయాలి.

సమస్య: ఇంజన్ గదిలో మసి, పొగ వాసన, కళాసీలకు తలనొప్పి

తలనొప్పిని ఎండ దెబ్బ అనుకోవద్దు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ముందు మనుషుల్ని పైకి, గాలిలోకి పంపండి. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి, డీజిల్ కారడం ఎక్కడా లేదని చూసుకుని, మానిఫోల్డ్ జాయింట్ల దగ్గర అగరబత్తి పట్టండి. పొగ చెదిరిన చోటే లీకు. ఇంజన్ కాస్త వేడెక్కితే ఇనుము వ్యాకోచించి చిన్న లీకులు మూసుకుపోతాయి, అందుకే చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఫ్లాంజ్ (జాయింట్ దగ్గర నట్లు బిగించే చదును అంచు) మీద స్కేలు నిలబెట్టి వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. వంగి ఉంటే చదును చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. నట్లు మధ్యలోంచి బయటికి బిగించండి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడండి. గొట్టం చుట్టిన పాత గుడ్డ డీజిల్‌తో తడిసి ఉంటే తీసిపారేసి గ్లాస్ ఫైబర్ టేపు చుట్టండి. ఆ గుడ్డే నిప్పంటుకునేది.