డాక్యుమెంటేషన్ ప్రాజెక్ట్ చేతికొచ్చిందా? ప్లాన్ ఎలా వేయాలి, చివరిదాకా ఎలా లాక్కురావాలి

డాక్యుమెంటేషన్ ప్రాజెక్టులు లేటయ్యేది చాలావరకు రాయడం దగ్గర కాదు. సమాచారం రాబట్టడం దగ్గర, రివ్యూల దగ్గర, ఇంకా మనం రాసిన తర్వాత ప్రాడక్ట్ మారిపోవడం దగ్గర. కానీ ప్లాన్ అడిగితే అందరూ వేసేది మాత్రం రాతకి ప్లానే, ఫలానా వారం చాప్టర్ ఒకటి, తర్వాతి వారం చాప్టర్ రెండు అని. ఆ ప్లాన్ రెండో వారానికే చెదిరిపోతుంది. అందుకే ఇక్కడ రాత గురించి తక్కువ, మిగతా మూడింటి గురించి ఎక్కువ చెప్తాను. మీరు రైటర్ అయినా, టీమ్‌లో రైటర్ లేక ఈ పని నెత్తిన పడ్డ డెవలపర్ అయినా పద్ధతి ఒకటే.

ముందు చదివేవాళ్లెవరో తేల్చుకోండి

"యూజర్ మాన్యువల్ కావాలి" అని ఎవరైనా అంటే వెంటనే ఓకే అనొద్దు. యూజర్ అంటే ఎవరు? ఇన్‌స్టాల్ చేసేవాళ్లా, రోజూ వాడేవాళ్లా, అడ్మినా, లేక మన ఏపీఐని (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) తమ కోడ్‌లో పెట్టుకునే డెవలపరా? నలుగురికీ కలిపి ఒకే పుస్తకం రాస్తే నలుగురికీ పనికిరాదు. ఒక్కొక్కరు ఏం పని చేయడానికి వస్తారో క్రియల్లో రాసుకోండి: ఇన్‌స్టాల్ చేయడం, కొత్త యూజర్‌ని కలపడం, బ్యాకప్ తీయడం, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారడం, ఎర్రర్ వస్తే కారణం కనుక్కోవడం. స్క్రీన్ మీద మెనూ ఎలా ఉంటే విషయసూచిక కూడా అలాగే పెట్టే అలవాటు చాలామందికి ఉంది, నాకది అస్సలు నచ్చదు. సెట్టింగ్స్ మెనూ గురించి తెలుసుకుందామని ఎవరూ రారు, చేయాల్సిన పని ఏదో ఉండి వస్తారు.

ఈ లిస్ట్ ఊహించి రాయక్కర్లేదు, సపోర్ట్ టీమ్ దగ్గరికి వెళ్లండి. ఏ ప్రశ్న ఎన్నిసార్లు వస్తోందో వాళ్ల టికెట్లలోనే (ఒక్కో సమస్యకీ పెట్టే ఎంట్రీలు) ఉంటుంది. ఇప్పటికే డాక్యుమెంటేషన్ సైట్ ఉంటే అందులో జనం ఏం వెతికారు, దేనికి ఏమీ దొరకలేదు అనేది సెర్చ్ లాగ్ చెప్తుంది. పాత పేజీలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి ఒక్కోదాని పక్కన ఉంచాలి, దిద్దాలి, కలపాలి, తీసేయాలి అని నాలుగిట్లో ఒకటి రాయండి. తీసేయాలి అని రాయడానికి మొహమాటపడొద్దు, తప్పు సమాచారం ఉన్న పాత పేజీ అసలు పేజీ లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ప్లాన్ రెండు మూడు పేజీలు చాలు

అంతకు మించితే ఎవరూ చదవరు. చదివేవాళ్లెవరు, ఏమేం ఇస్తాం, ఏ ఫార్మాట్‌లో ఏ భాషల్లో ఇస్తాం, తేదీలు, ఎవరు రాస్తారు, ఎవరు రివ్యూ చేస్తారు, చివరి సైన్ ఆఫ్ (ఇక ఓకే అనే ఆమోదం) ఎవరిది. వీటన్నిటికంటే ముఖ్యమైంది "ఈసారి ఇవి చేయం" అనే లిస్ట్. వీడియోలు చేయం, పాత వెర్షన్ల పేజీలు ముట్టుకోం, ట్రైనింగ్ స్లైడ్లు మా పని కాదు, ఇలా. ఇది రాసుకోకపోతే ఆఖరి వారంలో ఎవరో ఒకరు "అది కూడా ఉంటుందనుకున్నామే" అంటారు, అప్పుడు కాదనడం చాలా కష్టం. అలాగే మీరు దేన్ని నమ్ముకుని ఈ ప్లాన్ వేశారో కూడా రాసేయండి, ఫలానా తేదీకి టెస్ట్ బిల్డ్ (రిలీజ్‌కి ముందు వాడి చూసే ప్రాడక్ట్ కాపీ) అందుతుంది, ఫలానా తేదీ తర్వాత స్క్రీన్లు మారవు అని. రేపు బిల్డ్ మూడు వారాలు లేటుగా వస్తే తేదీ జరపమని అడగడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

పేజీల రకాలు కూడా ఇక్కడే తేల్చేయండి. డీటా (DITA) అనేది డాక్యుమెంటేషన్‌ని చిన్న చిన్న టాపిక్‌లుగా రాసే పద్ధతి, 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ దాన్ని స్టాండర్డ్ చేసింది. అది పేజీలని టాస్క్ (పని చేసే స్టెప్పులు), కాన్సెప్ట్ (విషయం ఏంటో చెప్పేది), రిఫరెన్స్ (చూసుకోవడానికి వివరాల పట్టికలు) అని మూడుగా విడదీస్తుంది. ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చిన డయాటాక్సిస్ పద్ధతి ట్యుటోరియల్, హౌ టు గైడ్, రిఫరెన్స్, వివరణ అని నాలుగుగా చూస్తుంది. ఏది పట్టుకున్నా పర్లేదు, ఒక పేజీలో ఒకే రకం ఉంటే చాలు. దీనివల్ల అసలు లాభం ఎస్టిమేట్ దగ్గర తెలుస్తుంది.

ఎస్టిమేట్: నోటి లెక్క వద్దు

"ఒక నెలలో అయిపోతుందిలే" అనేది ఎస్టిమేట్ కాదు. రాయాల్సిన పేజీల (టాపిక్‌ల) లిస్ట్ చేతిలో ఉంది కాబట్టి రకాన్ని బట్టి గంటలు వేయండి. ఉదాహరణకి 20 టాస్క్ పేజీలు ఒక్కోటి 6 గంటలు, 10 కాన్సెప్ట్ పేజీలు ఒక్కోటి 5 గంటలు, 15 రిఫరెన్స్ పేజీలు ఒక్కోటి 2 గంటలు అనుకుందాం. 120, 50, 30, మొత్తం 200 గంటలు. ఇందులో సమాచారం తీసుకోవడం, తానే చేసి చూడడం, రాయడం అన్నీ కలిసున్నాయి. దీనిమీద రివ్యూ కామెంట్లు దిద్దడానికి 20 శాతం, అంటే 40 గంటలు. మీటింగులకీ ప్లానింగ్‌కీ 10 శాతం, ఇంకో 20. మొత్తం 260.

ఇప్పుడు చాలామంది 260ని రోజుకి 8 గంటలతో భాగించేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మెయిల్స్, కాల్స్, వేరే ప్రాజెక్ట్ వాళ్ల చిన్న చిన్న పనులు పోను రోజుకి 5 గంటలు మిగిలితే అదే ఎక్కువ. అలా చూస్తే 52 పని దినాలు, ఒక్క రైటర్ ఉంటే పది వారాలు దాటుతుంది. రిలీజ్‌కి 8 వారాలే ఉందనుకోండి, మీ చేతిలో ఉన్నవి 200 గంటలు, తక్కువ పడేవి 60. ఈ సంగతి మొదటి రోజే లెక్కతో చూపించండి. "టైం సరిపోదు" అంటే ఎవరూ పట్టించుకోరు, "60 గంటలు తక్కువ పడుతున్నాయి, ఏది తీసేద్దాం" అంటే మాట్లాడతారు. రిఫరెన్స్ పేజీలు ఓపెన్ ఏపీఐ ఫైల్ (ఏపీఐ వివరాలన్నీ ఒక పద్ధతిలో రాసిన ఫైల్) నుంచి ఆటోమేటిగ్గా తయారయ్యేలా చేసుకుంటే చెక్ చేసే టైం తప్ప మిగతాది దాదాపుగా ఆదా అవుతుంది, పెద్దగా ఎవరూ అడగని ఆరు టాస్కులు తర్వాతి రిలీజ్‌కి తోసేస్తే ఇంకో 36 గంటలు తగ్గుతాయి, ఇక రైటర్ రాత్రుళ్లు కూర్చోనక్కర్లేదు.

పైన వేసిన గంటలు నేను ఉదాహరణకి వేసినవే, మీ ప్రాడక్ట్‌కి అవే వర్తిస్తాయని కాదు. మొదటి ఐదారు పేజీలకి నిజంగా ఎంత పట్టిందో రాసిపెట్టుకుని, దాన్నిబట్టి మిగతా లెక్క సరిచేయండి.

ఏఐతో డ్రాఫ్ట్ చేయిస్తే సగం టైం మిగులుతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. డ్రాఫ్ట్ త్వరగానే వస్తుంది, కానీ లేని పారామీటర్‌ని ఉన్నట్టు, లేని బటన్‌ని ఉన్నట్టు రాసే అలవాటు వాటికుంది కాబట్టి రాతలో మిగిలిన గంటల్లో కొన్నైనా చెకింగ్‌కి తిరిగి వేసుకోవాల్సిందే.

తేదీలు వెనక నుంచి వేయండి

రిలీజ్ తేదీ నుంచి వెనక్కి రండి. పబ్లిష్ చేయడానికి, లింకులు చెక్ చేయడానికి రెండు మూడు రోజులు. అనువాదం ఉంటే దానికి పట్టే టైం ఎంతో అనువాదం చేసేవాళ్లనే అడిగి వేయండి, మీరు ఊహించొద్దు. దానికి ముందు చివరి సైన్ ఆఫ్, దానికి ముందు రెండో రివ్యూ, దానికి ముందు మొదటి రివ్యూ. ఇలా వెనక్కి వస్తే రాత మొదలవ్వాల్సిన తేదీ చాలాసార్లు పోయిన నెలలో తేలుతుంది! ఇది ముందే తెలియడం మంచిదే.

స్క్రీన్‌షాట్లు మాత్రం ఆఖరుకి ఉంచండి. యూఐ ఫ్రీజ్ అవ్వకముందు, అంటే స్క్రీన్లు ఇక మారవు అని ఖాయం కాకముందు తీసిన ప్రతి స్క్రీన్‌షాట్ మళ్లీ తీయాల్సిందే, అందుకే డ్రాఫ్ట్‌లో "ఇక్కడ ఫలానా స్క్రీన్" అని ఒక లైన్ పెట్టి వదిలేయండి. అసలు స్క్రీన్‌షాట్ లేకుండా పని జరిగితే ఇంకా మంచిది, అనువాదంలో ప్రతి భాషకీ మళ్లీ తీయాలి కదా. బొమ్మల లోపల అక్షరాలు పెట్టడం కూడా ఇందుకే తగ్గించుకోవాలి. అనువాదానికి పంపాక ఇంగ్లిష్ పేజీలో "చిన్న మార్పే" అని ఒక వాక్యం దిద్దారంటే అన్ని భాషల్లోనూ ఆ పని తిరగబడుతుంది. ఒకే హెచ్చరికని పది పేజీల్లో పది రకాలుగా రాయకుండా ఒకే వాక్యం వాడితే ట్రాన్స్‌లేషన్ మెమరీ (ఇదివరకే అనువాదం చేసిన వాక్యాలు దాచిపెట్టే టూల్) దాన్ని గుర్తుపట్టి మళ్లీ ఇస్తుంది, ఖర్చు తగ్గుతుంది.

సమాచారం ఎవరి దగ్గరుందో వాళ్లని కదిలించడం

డెవలపర్‌కి "ఈ ఫీచర్ వివరాలు పంపండి" అని మెయిల్ పెడితే రాదు. ఆయనకి మన మీద కోపమేం లేదు, ఖాళీ పేజీ నింపడం ఎవరికైనా బద్ధకమే. దానికి బదులు టెస్ట్ బిల్డ్‌లో మీరే చేసి చూసి, అర్థమైనంత రాసి, అర్థం కాని చోట సూటిగా ప్రశ్న పెట్టి పంపండి: "సర్వర్ రీస్టార్ట్ చేయకపోతే ఈ సెట్టింగ్ పనిచేస్తుందా లేదా?" తప్పుగా రాసింది కనిపిస్తే దిద్దకుండా ఉండలేరు మనుషులు, ఆ గుణం మనకి పనికొస్తుంది. కాబట్టి మొదటి రోజే టెస్ట్ బిల్డ్ యాక్సెస్ అడగండి, అది లేకుండా రాసే డాక్యుమెంటేషన్ అంతా విన్న కబుర్లే.

ఇంకోటి, ప్రాడక్ట్ మారితే మనకి తెలిసే దారి ఉండాలి. డెవలపర్ల టికెట్‌లో "డాక్యుమెంటేషన్ మారాలా" అనే ఒక ఫీల్డ్ పెట్టించండి, అది నింపకుండా టికెట్ క్లోజ్ అవ్వకూడదు. స్ప్రింట్లలో (రెండు మూడు వారాల చిన్న విడతల్లో) పనిచేసే టీమ్ అయితే పని పూర్తయింది అనడానికి పెట్టుకున్న షరతుల్లోనే డాక్యుమెంటేషన్‌ని చేర్పించండి. ఈ ఒక్క పని ముందే చేయించుకుంటే సగం గొడవ వదిలినట్టే.

రివ్యూ: అసలు చిక్కంతా ఇక్కడే

పన్నెండు మందిని సీసీలో పెట్టి "దయచేసి చూసి చెప్పండి" అని పంపితే ఏమవుతుందో తెలిసిందే, పది మందిలో పాము చావదు. ప్రతి పేజీకీ ఒక్క పేరు. ఆ మనిషి ఏం చూడాలో కూడా చెప్పాలి: "మూడో స్టెప్, ఏడో స్టెప్ సరిగ్గా ఉన్నాయా, డిఫాల్ట్ విలువలు కరెక్టేనా, భాష మేం చూసుకుంటాం." లేకపోతే ఆర్కిటెక్ట్ గారు కూర్చుని కామాలు దిద్దుతారు, టెక్నికల్ తప్పు అలాగే ఉండిపోతుంది. ఒకేసారి 150 పేజీలు పంపొద్దు, ఐదారు టాపిక్‌లు చొప్పున పంపండి, ఎన్ని రోజుల్లో కావాలో తేదీ వేయండి, ఆ రివ్యూ టైం వాళ్ల మేనేజర్‌కి ముందే తెలిసి వాళ్ల స్ప్రింట్‌లో కూడా లెక్కలో ఉండాలి. ఇది చేయకుండా గుర్తుచేస్తూ మెయిల్స్ పెట్టడం వల్ల సంబంధాలు పాడవడం తప్ప ఏమీ రాదు.

ఇద్దరు రివ్యూయర్లు రెండు రకాలుగా చెప్తే తీర్పు ఎవరిదో ప్లాన్‌లోనే ఉండాలి, రైటర్ మధ్యలో నలిగిపోకూడదు. గడువులోపు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనే రూల్ కొన్ని టీమ్‌లు పెట్టుకుంటాయి. మామూలు పేజీలకి నాకు అభ్యంతరం లేదు. కానీ డేటా పోయే స్టెప్పులు, సెక్యూరిటీ సెట్టింగులు, మెషిన్ అయితే మనిషికి దెబ్బ తగిలే పనులు, వీటికి మౌనం అంగీకారం కాదు, పేరుతో సైన్ ఆఫ్ కావాల్సిందే. అలాంటి హెచ్చరిక స్టెప్‌కి ముందు రావాలన్నది కూడా ఈ రివ్యూలోనే చూడాలి, డిలీట్ నొక్కాక కింద "ముందు బ్యాకప్ తీసుకోండి" అని కనిపిస్తే ఏం లాభం.

రివ్యూ అయ్యాక ప్రాడక్ట్ ఎప్పుడూ చూడని ఒక మనిషిని కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా, పేజీ చూసి చేయమనండి. ఎక్కడ ఆగితే అక్కడ పేజీలో లోపం ఉన్నట్టు. నిపుణులు ఎంతమంది చూసినా దొరకని తప్పులు ఇందులో దొరుకుతాయి, ఎందుకంటే నిపుణులు రాయని స్టెప్‌ని కూడా మనసులోనే నింపేసుకుని చదివేస్తారు.

టూల్స్ గురించి పెద్దగా వాదించొద్దు. డెవలపర్లు కూడా రాస్తారంటే గిట్‌లో (కోడ్ మార్పులు దాచే టూల్) మార్క్‌డౌన్ (సులువైన గుర్తులతో రాసే టెక్స్ట్), దాని మీద ఎంకేడాక్స్ లేదా స్ఫింక్స్ లాంటి సైట్ తయారుచేసే టూల్. చాలా మోడల్స్, చాలా భాషలు, ఒకే సమాచారం అటూ ఇటూ తిరిగి వాడాలంటే డీటా. లోపలి టీమ్ నోట్సే అయితే టీమ్ అంతా కలిసి పేజీలు రాసుకునే కాన్‌ఫ్లుయెన్స్ చాలు. స్టైల్ గైడ్ (ఎలా రాయాలో చెప్పే నియమాల పుస్తకం) కొత్తగా రాసుకోవద్దు, గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో ఉచితంగా ఉంది, అది పట్టుకుని మీ పదాల లిస్ట్ ఒక్క పేజీ కలపండి.

వారం వారం చూసుకోవడం

"90 శాతం అయింది" అనే మాట రిపోర్ట్‌లో రాయనివ్వొద్దు, మిగిలిన పదిలోనే రివ్యూ అంతా ఉంటుంది. టాపిక్‌కి ఒక స్టేటస్ పెట్టండి: మొదలవలేదు, డ్రాఫ్ట్, రివ్యూలో, దిద్దుతున్నాం, ఫైనల్. వారానికోసారి ఏ గడిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. రివ్యూలో అనే గడి ఉబ్బుతూ ఫైనల్ కదలకపోతే రైటర్‌ని తొందరపెట్టి లాభం లేదు, రివ్యూయర్ మేనేజర్‌తో మాట్లాడాలి. వెనకబడ్డారని తెలిశాక ఇంకో రైటర్‌ని దింపుదాం అంటారు. ఆఖరి రెండు వారాల్లో వచ్చే కొత్త మనిషికి ప్రాడక్ట్ నేర్పేది ఉన్న రైటరే, ఉన్న టైం కూడా పోతుంది. ఆ దశలో స్కోప్ తగ్గించడమే దారి, అందుకే మొదట్లోనే టాపిక్‌లకి తప్పనిసరి, ఉంటే మంచిది అని గుర్తులు పెట్టుకుని తప్పనిసరివి ముందు రాయాలి.

రిలీజ్ అయ్యాక ప్రాజెక్ట్ మూసేసే ముందు ప్రతి విభాగానికీ ఒక ఓనర్ పేరు, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ రాయండి. పేజీల కింద వచ్చే ఫీడ్‌బ్యాక్ ఎవరి మెయిల్‌లోకో వెళ్లి పడి ఉండకుండా టికెట్‌గా మారేలా పెట్టండి. తీసేసిన, పేరు మార్చిన పేజీల పాత లింకులు కొత్తవాటికి రీడైరెక్ట్ చేయండి, ఎందుకంటే సపోర్ట్ వాళ్లు కస్టమర్లకి పంపిన పాత మెయిల్స్‌లో, ఇంకా ప్రాడక్ట్ లోపలి హెల్ప్ బటన్లలో ఆ పాత లింకులే ఉంటాయి.