ఎనిమిది గంటల కుర్చీ పని: కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంచడం ఎలా?

1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సుల సిబ్బంది ఆరోగ్యంపై చేసిన అధ్యయనాన్ని ప్రకటించారు. రోజంతా సీటులో కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లతో పోలిస్తే, అవే రెండంతస్తుల బస్సుల్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయని అందులో తేలింది. కూర్చుని చేసే పని ఒంటికి మంచిది కాదన్న అనుమానం అంతకు 250 ఏళ్ల కిందటే, దర్జీలను, చెప్పులు కుట్టేవారిని గమనించిన ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జినీకి కలిగింది. అయితే కుర్చీ వదిలేస్తే సాగని ఉద్యోగాలే ఇప్పుడు ఎక్కువ. కాబట్టి కూర్చోవడం మానడం ఎలా అని కాక, ఏకధాటిగా కూర్చోకుండా ఉండడం ఎలా అని ఆలోచించడమే ఉపయోగకరం.

ముందుగా లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే తరువాతి సూచనలకు అర్థం ఉంటుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలు. వాటిలో పెద్దవి తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. మనం కూర్చోగానే అవి దాదాపు పని మానేస్తాయి. దాంతో భోజనం తరువాత పెరిగిన చక్కెర తగ్గడానికి ఎక్కువసేపు పడుతుంది. రక్తంలోని కొవ్వును విడగొట్టి కండరాలకు అందించే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము చురుకుదనం కూడా కదలని కాళ్లలో పడిపోతుంది. ఇక పిక్కలు కాళ్లలోని రక్తాన్ని గుండెవైపు నెట్టే పంపులాంటివి. ఆ పంపు గంటల తరబడి ఆగితే పాదాలు వాస్తాయి, కొందరిలో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

మొదటి పని: ఒక రోజు లెక్క రాసుకోండి

మామూలు పనిదినం ఒకటి ఎంచుకుని, కూర్చున్న సమయాన్ని, లేచిన సమయాన్ని కాగితంమీద రాసుకోవాలి. మొత్తం ఎన్ని గంటలు కూర్చున్నామన్నదాని కంటే, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా గడిచిన అతి పొడవైన విడత ఎంతో చూడండి. చాలామందికి అది రెండు గంటలు దాటుతుంది, అదీ సరిగ్గా భోజనం చేసిన తరువాతి వేళలో. ముందు తెంచవలసింది ఆ విడతనే.

రెండవ పని: అరగంటకు ఒకసారి లేవండి

2012లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ప్రతి 20 నిమిషాలకు 2 నిమిషాలు నెమ్మదిగా నడిచినా, ఆహారం తీసుకున్న తరువాత రక్తంలో చక్కెర, ఇన్సులిన్ పెరుగుదల తగ్గాయి. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వేర్వేరు విరామాలను పోల్చి చూడగా, అరగంటకు 5 నిమిషాల నడక చక్కెరపైనా రక్తపోటుపైనా మంచి ఫలితం చూపింది. ఇది 11 మందితో చేసిన చిన్న ప్రయోగమే కాబట్టి ఆ అంకెలను శాసనంగా తీసుకోనవసరం లేదు. 5 నిమిషాలు కుదరనిచోట 2 నిమిషాలు నడవండి, అరగంట కుదరకపోతే గంట దాటనివ్వకండి.

గుర్తుంచుకోవడమే ఇందులో అసలు కష్టం. ఫోనులో అలారం పెట్టుకోవచ్చు గాని, మూడో రోజుకల్లా చెయ్యి దానంతట అదే దాని నోరు నొక్కడం నేర్చుకుంటుంది. అంతకంటే, లేవడాన్ని ఎలాగూ తప్పని పనులతో ముడిపెట్టడం నయం. ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడాలి. పక్క గదిలో ఉన్నవారికి సందేశం పంపే బదులు నడిచి వెళ్లి చెప్పాలి. బల్లమీద పెద్ద నీళ్ల సీసా పెట్టుకోవడం మంచి అలవాటని అంటారు. ఈ విషయంలో మాత్రం చిన్న గ్లాసే మేలు, ఎందుకంటే అది త్వరగా ఖాళీ అయి మనల్ని లేపుతుంది. మధ్యాహ్న భోజనం తరువాత వెంటనే కుర్చీకి చేరకుండా పది నిమిషాలు నడవడం వీటన్నిటిలో ముఖ్యమైనది.

సమావేశంలోనో, దూర ప్రయాణంలోనో లేవడం వీలుకానప్పుడు మడమలను నేలకు ఆనించి వేళ్లను పైకెత్తడం, తరువాత వేళ్లు ఆనించి మడమలను ఎత్తడం, ఇలా ఇరవై ముప్పై సార్లు చేస్తే పిక్కల పంపు కొంతవరకు పనిచేస్తుంది.

మూడవ పని: కుర్చీని, తెరను సరిచేయండి

పాదాలు నేలమీద పూర్తిగా ఆనాలి, నడుము కింది భాగానికి ఆసరా ఉండాలి, తెర పై అంచు కళ్ల ఎత్తుకు సమానంగా గాని కాస్త కిందుగా గాని, చేతి పొడవంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక మెడో భుజాలో ఇబ్బంది పడక తప్పదు. దాన్ని ఎత్తుమీద పెట్టి విడిగా కీబోర్డు వాడడమే ఉపాయం. ఇంత చేసినా, ఎంత ఖరీదైన కుర్చీ అయినా మెడనొప్పిని, నడుమునొప్పిని తగ్గించగలదేమో గాని కదలికకు బదులు కాలేదు.

నిలబడి పనిచేసే బల్లల సంగతీ ఇంతే. కూర్చున్నప్పటికంటే నిలబడినప్పుడు అదనంగా ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ, పైగా రోజంతా కదలకుండా నిలబడితే కాళ్లలో సిరలు ఉబ్బే ఇబ్బంది వస్తుంది. అటువంటి బల్ల ఉన్నవారు కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి, మధ్యలో నడవాలి.

నాలుగవ పని: వ్యాయామానికి విడిగా సమయం పెట్టండి

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసి 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవారిలో పెరిగే అకాల మరణ ప్రమాదం, రోజూ 60 నుంచి 75 నిమిషాలు వేగంగా నడవడంవంటి శ్రమ చేసేవారిలో దాదాపు కనిపించలేదు. అంత సమయం అందరికీ దొరకదు. దొరకనివారికి పైన చెప్పిన చిన్న విరామాలు మరింత అవసరం.

ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వెచ్చదనం, ఎరుపు కనిపిస్తే అది సిరలో రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు. అప్పుడు కాలు మర్దన చేయకుండా అదే రోజు వైద్యుడికి చూపించుకోవాలి. దానితోపాటు హఠాత్తుగా ఆయాసమో, ఛాతీనొప్పో వస్తే క్షణం ఆగకుండా అత్యవసర చికిత్సకు వెళ్లాలి.