పోర్ట్ ఫార్వర్డింగ్ గురించి రాస్తున్నారా? లోకల్‌హోస్ట్ ఎవరిదో చెప్పండి

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఒక పోర్టుకి వచ్చే కనెక్షన్‌ని ఇంకో పోర్టుకి పంపడం. రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు ఎలా వాడాలో చెప్పే ఫైల్‌లో, ఆ ఆప్షన్ దగ్గర 8080:80 అని పడేసి వదిలేయకండి. ఏ అంకె ఎవరిదో పక్కనే రాయండి. ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో మొదటిది మన మెషీన్ పోర్టు, రెండోది కంటైనర్ లోపలిది. ఉదాహరణగా 80:80 మాత్రం ఇవ్వకండి. రెండువైపులా ఒకటే అంకె ఉంటే చదివేవాళ్లకి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

అసలు తికమక ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే టూల్) దగ్గర. లోకల్‌హోస్ట్ అంటే ‘ఈ మెషీనే’ అని అర్థం, కానీ ఏ మెషీన్? లోకల్ ఫార్వర్డింగ్‌లో 5433:లోకల్‌హోస్ట్:5432 అని ఇస్తే, ఆ లోకల్‌హోస్ట్ మన ల్యాప్‌టాప్ కాదు, మనం లాగిన్ అయిన సర్వర్. ‘మీ ల్యాప్‌టాప్‌లో 5433కి కనెక్ట్ అయితే సర్వర్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వెళ్తుంది’ అని ఒక్క వాక్యం కలపండి. రిమోట్ ఫార్వర్డింగ్‌కి (సర్వర్ పోర్టుకి వచ్చేదాన్ని మన వైపు పంపడానికి) విడిగా ఉదాహరణ ఇవ్వాల్సిందే. ‘పైదానికి రివర్స్’ అని రాయడం ఉత్త బద్ధకం.

మొదటి పోర్టు ముందు ఐపీ అడ్రస్ ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చెప్పండి. ఎస్ఎస్‌హెచ్ లోకల్ ఫార్వర్డింగ్ మామూలుగా మన మెషీన్ వరకే పరిమితం. డాకర్ అలా కాదు, డిఫాల్ట్‌గా మెషీన్‌కి ఉన్న అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల మీదా, అంటే బయటివాళ్లకి కూడా, తెరిచేస్తుంది. అందుకే టెస్టింగ్ డేటాబేస్ ఉదాహరణలో 127.0.0.1:5433:5432 అని పూర్తిగా రాసి చూపించండి (127.0.0.1 అంటే మన మెషీన్ మాత్రమే). చాలామంది దాన్నే కాపీ చేసుకుంటారు.