‘బొలెరో’ మొదట్లో వినపడదు, చివర్లో చెవులు పగులుతాయి

సమస్య: ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ ఆర్కెస్ట్రా రచన ‘బొలెరో’ (1928) సీడీ పెడితే మొదట్లో ఏమీ వినపడదు. వాల్యూమ్ పెంచితే చివర్లో పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

కారణం: సీడీ బాగానే ఉంది, రచనే అలాంటిది. చిన్న డ్రమ్ము మీద వినీ వినపడనట్టు మొదలై, దాదాపు పావుగంట సేపు పెరుగుతూనే పోతుంది. 16 బిట్ల సీడీలో అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలమానం) తేడా వరకు ఇముడుతుంది. సినిమా పాటల్లో ఈ తేడాని కంప్రెసర్‌తో బాగా కుదించేస్తారు, అందుకే బస్సులో కూడా వినపడతాయి. ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో అంతగా కుదించరు. అసలు అడ్డు మన గదే. ఫ్యాను, ఫ్రిజ్, రోడ్డు మీది హారన్లు కలిసి ఆ మెల్లని డ్రమ్మును మింగేస్తాయి.

పరిష్కారం: ఫ్యాను ఆపండి (మే నెలలో కుదరదు, తెలుసు). ముందుగా చివరి రెండు నిమిషాలు పెట్టి, భరించగలిగినంత వాల్యూమ్ సరిచేసుకోండి. తర్వాత మొదటికి వెళ్లండి, ఇక నాబ్ ముట్టుకోవద్దు. మనమందరం దీన్ని తలకిందులుగా చేస్తాం. రాత్రిపూటైతే చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్సే దిక్కు. కారు కోసం మాత్రం కంప్యూటర్లో కుదించిన కాపీ ఒకటి వేరుగా చేసుకోండి, తప్పేమీ లేదు.

సమస్య: పెద్దగా వాయించే చోట శబ్దం బరబరమంటోంది.

అదే చోటు హెడ్‌ఫోన్స్‌లో, తక్కువ వాల్యూమ్‌లో వినండి. శుభ్రంగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఆంప్లిఫయర్‌నే: శబ్దం 10 డెసిబెల్స్ పెరగాలంటే పదింతల పవర్ కావాలి, 5 వాట్లు కాస్తా 50 అవుతాయి. వాల్యూమ్ తగ్గించండి. హెడ్‌ఫోన్స్‌లోనూ బరబరమంటే డిస్కును కంప్యూటర్లోకి కాపీ చేసి, ఆడాసిటీలో (శబ్దాన్ని అలల బొమ్మగా చూపే ఉచిత ప్రోగ్రాం) తెరిచి చూడండి. అలల కొనలు కత్తిరించినట్టు చదునుగా ఉంటే రికార్డింగే పాడు చేశారు. దానికి మందు లేదు, పాత ముద్రణ వెతుక్కోవాలి. ‘రీమాస్టర్’ (పాత రికార్డింగుకే మళ్లీ మెరుగులు దిద్దినది) అని రాసి ఉన్నంత మాత్రాన నేను కొనను.

సమస్య: వెనకాల సన్నగా ‘స్స్’ అంటోంది.

కవర్ మీద ఏడీడీ లేదా ఏఏడీ అని ఉందా? మొదటి ‘ఏ’ అంటే అసలు రికార్డింగ్ అనలాగ్ టేపు మీద జరిగిందని. వదిలేయండి. ట్రెబుల్ తగ్గిస్తే ‘స్స్’తో పాటు వయొలిన్ల మెరుపూ పోతుంది.

సమస్య: 1980ల నాటి డిస్కు ప్లేయర్లో హాయిగా ఉంది, కంప్యూటర్లోకి కాపీ చేస్తే చెవుల్లో గుచ్చుకుంటోంది.

అప్పట్లో కొన్ని డిస్కులకు ప్రీ-ఎంఫసిస్ అని పై స్వరాలను పెంచి ముద్రించేవారు. ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గిస్తుంది, కాపీ చేసే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు తగ్గించదు. సాక్స్ (SoX) అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ పెంపును తగ్గించే డీ-ఎంఫసిస్ ఫిల్టర్ ఉంది, ఒకసారి నడిపితే చాలు.