సీఓపీడీ ఉన్న అమ్మ చేత ఇంట్లో చేయిస్తున్న కుర్చీ వ్యాయామం: నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన మా అమ్మకి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాల జబ్బు) బాగా ముదిరింది. పెరట్లోకి వెళ్లొస్తే ఆయాసంతో మాట రాదు. ఆవిరి, కషాయం, బెలూన్ ఊదడం, పూర్తి విశ్రాంతి, ఏదీ పనిచేయలేదు. విశ్రాంతితో కాళ్లు ఇంకా నీరసించాయి.

కుదిరింది ఇది. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ తీసుకున్నాక పావుగంట ఆగుతాం. చేతులున్న కుర్చీని గోడకి ఆనించి, అమ్మ వేలికి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్ పెడతాను. ముందు ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు చుట్టి, రెట్టింపు సేపు మెల్లగా వదలడం. అది అలవాటయ్యాకే కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టించాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది: లేచేటప్పుడే గాలి వదలాలి, బిగబట్టకూడదు. నిలబడి పీల్చి, మళ్లీ వదులుతూ కూర్చోవాలి. మాట రానంత ఆయాసం వస్తే ఆపేసి, ముందుకు వంగి మోచేతులు తొడలమీద ఆన్చుకోవాలి. ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గితే ఆ పూటకి ఆపమన్నారు మా డాక్టర్.

ఇప్పుడు అమ్మ ఎవరి సాయం లేకుండా నడుస్తోంది. ఊపిరితిత్తులు బాగుపడలేదు, కాళ్లకి బలం వచ్చింది, అంతే. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్లు దయచేసి డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.