సర్వే అంకెలో ఓటు కదలికను చదివే పద్ధతి

బెంగళూరులోని చాలా తెలుగు ఇళ్లకు 2024 వేసవిలో రెండు ఎన్నికలు వచ్చాయి. ఏప్రిల్ 26న ఈ నగరం లోక్‌సభకు ఓటు వేసింది, మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి ఓటు వేసింది. కొడుకు ఓటు మహదేవపురలోనూ తల్లిదండ్రుల ఓటు మదనపల్లెలోనూ ఉన్న కుటుంబం ఆ రెండు నెలలూ రెండు రాష్ట్రాల సర్వేలను ఒకే టీవీలో చూసింది. జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చినప్పుడు చాలా సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా స్థానాలు చూపించాయి. జూన్ 4న లెక్క తేలితే వచ్చినవి 293. ఆ మర్నాటి నుంచి సర్వేలన్నీ బూటకమనే మాట వినిపించింది. సర్వేలను గుడ్డిగా నమ్మడం ఎంత తప్పో ఇలా మొత్తంగా కొట్టిపారేయడం కూడా అంతే తప్పని నా అభిప్రాయం. చాలాసార్లు తప్పు సర్వేలో ఎంత ఉంటుందో దాన్ని చదివే తీరులో కూడా అంత ఉంటుంది.

మనం చేసే మొదటి పొరపాటు సీట్ల అంకెతో మొదలుపెట్టడం. సర్వే మనుషులను అడిగేది ఎవరికి ఓటు వేస్తారనే ఒక్క ప్రశ్న. అందులోంచి నేరుగా వచ్చేది ఓట్ల శాతం మాత్రమే. ఆ శాతాన్ని సీట్లుగా మార్చడానికి సంస్థ గత ఫలితాలనూ, ప్రాంతాలవారీ తేడాలనూ, తన ఊహనూ కలిపి మరో లెక్క కడుతుంది. మొదటి లెక్కలోని చిన్న తేడా రెండో లెక్కలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే మన పద్ధతిలో ఇది తప్పదు. 2019లో బీజేపీకి దేశం మొత్తం మీద 37.4 శాతం ఓట్లూ 303 స్థానాలూ వచ్చాయి. 2024లో 36.6 శాతం ఓట్లకు 240 స్థానాలు వచ్చాయి. ఒక్క శాతం కూడా తగ్గని ఓటుకు 63 స్థానాలు పోయాయంటే, ఆ ఓటు ఎక్కడ తగ్గిందీ, ఎదుటివారు ఎంత కూడుకున్నారూ అన్నదే అసలు విషయమన్నమాట. ఆంధ్రప్రదేశ్ లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 175 స్థానాల అసెంబ్లీలో 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లతో 23 స్థానాలు వచ్చాయి, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు అంతే ఓటుతో 11 స్థానాలే వచ్చాయి. ఓడిన పార్టీకి జనంలో బలమే లేదని సీట్ల అంకెను చూసి అనుకునేవారు ఈ 39 దగ్గర ఒకసారి ఆగాలి.

అందువల్ల సర్వే చేతికి రాగానే ఓట్ల శాతాలు ఎక్కడ ఇచ్చారో వెతకండి. శాతాలు ఇవ్వకుండా సీట్లు మాత్రమే ఇచ్చిన సర్వేను పక్కన పెట్టవచ్చు. 2018 డిసెంబరులో తెలంగాణలో పోలింగ్ ముగిశాక లగడపాటి రాజగోపాల్ కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, అటూ ఇటూ 10 అని చెప్పిన సంగతి తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. 119 స్థానాల్లో టీఆర్ఎస్‌కు వచ్చినవి 88. అటూ ఇటూ 10 అన్న వెసులుబాటు కూడా ఆ లెక్కను కాపాడలేకపోయింది.

రెండో పని ఓటు కదలికను చూడడం. అన్నిటికన్నా ఎక్కువ తెలివి కావలసింది ఇక్కడే, దానికి మనం ఉంటున్న కర్ణాటకే మంచి పాఠం. 2018లో ఇక్కడ కాంగ్రెస్‌కు 38 శాతం, బీజేపీకి 36 శాతం పైన, జేడీఎస్‌కు 18 శాతం పైన ఓట్లు వచ్చాయి. ఓట్లలో వెనకబడిన బీజేపీ 104 స్థానాలతో పెద్ద పార్టీగా నిలిచింది. 2023లో బీజేపీ ఓటు మళ్లీ 36 శాతమే, కానీ స్థానాలు 66కు పడిపోయాయి. కాంగ్రెస్ దాదాపు 43 శాతం ఓటుతో 224లో 135 గెలిచింది. జేడీఎస్ 13 శాతానికి, 19 స్థానాలకు దిగింది. బీజేపీ ఓటు కదలకుండానే ప్రభుత్వం మారిపోయింది. బీజేపీ మీద జనానికి ఎంత కోపం ఉందనే ప్రశ్న ఒక్కటే పట్టుకుని ఆ ఏడాది సర్వేలు చదివినవారు మూడో పార్టీ కరిగిపోవడాన్ని గమనించకుండా వదిలేశారు. సర్వే పట్టికలో పెద్ద పార్టీల గడులకు ముందు మూడో, నాలుగో వరుసలనూ ‘ఇతరులు’ అనే గడినీ చూడడం అలవాటు చేసుకోవాలి. ముక్కోణపు పోటీ ముఖాముఖిగా మారుతున్న జాడ అక్కడే ముందుగా కనిపిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. జేడీఎస్‌కు తగ్గినదీ కాంగ్రెస్‌కు పెరిగినదీ ఇంచుమించు సమానమే గనుక ఆ ఓటర్లే ఇటు వచ్చారని తేల్చేయడానికి మనసు తొందరపడుతుంది. శాతాలు నికర మార్పును మాత్రమే చెబుతాయి. పాత మైసూరు ప్రాంతంలో జేడీఎస్ నుంచి కొందరు బీజేపీ వైపు వెళ్లి, రాష్ట్రంలోని మరో మూల అంతే సంఖ్యలో బీజేపీ ఓటర్లు కాంగ్రెస్‌కు మళ్లినా చివరి అంకెలు ఇలాగే ఉంటాయి. బస్సులో పదిమంది దిగి పదిమంది ఎక్కితే టిక్కెట్ల లెక్క మారదు, ప్రయాణికులు మాత్రం మారిపోతారు. ఈ రాకపోకలు తెలియాలంటే సర్వేలో పోయినసారి ఎవరికి వేశారనే ప్రశ్న కూడా ఉండాలి, ఆ జవాబును ఈసారి జవాబుతో కలిపి పట్టిక ఇవ్వాలి. ఆ పట్టికను కూడా కొంచెం అనుమానంతోనే చదవాలి, ఎందుకంటే గెలిచినవారికే తాము వేశామని చెప్పుకునే అలవాటు ఓటర్లలో ఉంది. గత ఫలితంలో ఒక పార్టీకి వచ్చిన శాతం కన్నా ఆ పార్టీకి వేశామన్నవారు సర్వేలో బాగా ఎక్కువగా కనిపిస్తే, శాంపిల్, అంటే సర్వేకు ఎంచుకున్న మనుషుల గుంపు, అటు ఒరిగిందని అయినా అనుకోవాలి, జ్ఞాపకం అటు ఒరిగిందని అయినా అనుకోవాలి.

కదలిక నిజమైనదా, లెక్కలోని వణుకా అన్నది తేల్చడానికి కొంత గణితం తప్పదు. ఓటర్ల నుంచి ఏ పక్షపాతమూ లేకుండా 1000 మందిని ఎంచుకుంటే, ఒక పార్టీ శాతం అటూ ఇటూ దాదాపు 3 పాయింట్లు ఊగవచ్చు. 400 మందిని అడిగితే ఆ ఊగు 5 పాయింట్లు, 2500 మందిని అడిగితే 2. రెండు పార్టీల మధ్య ఆధిక్యానికి వచ్చేసరికి ఆ పరిధి ఇంకా పెరుగుతుంది. 1000 మంది సర్వేలో ఒకరికి 40, మరొకరికి 36 వస్తే ఆ 4 పాయింట్ల ఆధిక్యం 5కు మించి అటూ ఇటూ కావచ్చు, అంటే వెనకబడినవారు నిజానికి ముందుండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. రెండు నెలల్లో రెండు సర్వేలు వస్తే, ఒక్కొక్కటి 1000 మందితో చేసినప్పుడు, ఒక పార్టీ శాతంలో 4 పాయింట్లకు పైబడిన మార్పు వస్తే గానీ దాన్ని కదలిక అనడానికి లేదు. రెండు పాయింట్లు పెరిగితే ‘గాలి మారింది’ అని రాసే శీర్షికలు ఎన్నో ఈ పరీక్షలో నిలవవు. పైగా మన దేశంలో సర్వే సిబ్బంది కొన్ని పోలింగ్ బూత్‌లను ఎంచుకుని, ఒక్కో చోట ఇరవై ముప్పై మందిని అడుగుతారు. ఒకే వీధిలోని ఇరవై మంది ఆలోచనలు దగ్గరగా ఉంటాయి గనుక, కాగితం మీది 2000 శాంపిల్ నిజంగా అంత బలమైనది కాదు. ఎంతమందిని అడిగారన్న దానితోపాటు ఎన్ని చోట్ల అడిగారన్నది కూడా చూడాలి.

శాంపిల్ ఎంత పెద్దదైనా ఎంపిక వంకరగా ఉంటే ఫలితం కూడా వంకరగానే వస్తుంది. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్, కారు యజమానుల జాబితాల వంటి వాటి నుంచి కోటి మందికి బ్యాలెట్లు పంపి, దాదాపు 24 లక్షల జవాబులతో అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో సర్వేలు చేసే జార్జ్ గాలప్ విజేతను సరిగా చెప్పాడు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టే పోల్‌కూ ఆ పత్రిక లెక్కకూ తేడా పరిమాణంలోనే ఉంది. వైట్‌ఫీల్డ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్న ఐదు వందల మంది తెలుగువారి అభిప్రాయం వారి అభిప్రాయమే. దాన్ని రాయచోటి లేదా హిందూపురం ఓటరు మాటగా వాడుకోవడానికి లేదు.

మన వలస కుటుంబాలు శాంపిల్‌కు తెచ్చే చిక్కు మరొకటి ఉంది. ఓటు అనంతపురం, చిత్తూరు జిల్లాల్లోనూ ఉండేది బెంగళూరులోనూ అయిన మనిషి, ఊళ్లో తలుపు తట్టే సర్వే సిబ్బందికి దొరకడు. ఇక్కడి సర్వేలో దొరికినా ఇక్కడి ఓటరు జాబితాలో అతని పేరు ఉండదు. పోలింగుకు ముందు రోజు రాత్రి బస్సెక్కి వెళ్లి ఓటు వేసి వస్తాడు. ఓటరు జాబితా నుంచి పేర్లు ఎంచుకునే సర్వేలో, పేరు వచ్చినా మనిషి లేకపోతే అతని బదులు ఎవరిని అడిగారన్నది ముఖ్యం. ఎవరు దొరికితే వారిని అడిగితే, ఇంటిపట్టున ఉండే పెద్దలూ గృహిణులూ ఎక్కువై, పగలు పనికి వెళ్లేవారు తగ్గిపోతారు. ఫోను సర్వేలో ఈ లోపం తిరగబడుతుంది. అందుకే వయసు, స్త్రీ పురుషులు, గ్రామం పట్టణం, సామాజిక వర్గం వంటి లెక్కలకు సరిపోయేలా జవాబులకు తూకం వేశామని సంస్థ చెప్పిందో లేదో చూడాలి.

అడిగే తీరు జవాబును మారుస్తుంది. వచ్చినవాళ్లు ఎవరి మనుషులో తెలియనప్పుడు, పథకం డబ్బు అందుకుంటున్న మనిషి అధికారంలో ఉన్నవారి పేరు చెప్పి పంపేయడమే క్షేమమనుకుంటాడు. అందుకే లోక్‌నీతి వంటి సంస్థలు నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి పెట్టెలో వేయమనే పద్ధతి పాటించాయి.

ఇంకా తేల్చుకోలేదనీ చెప్పననీ అన్నవారిని సంస్థ ఏం చేసిందో చూడకపోతే కదలిక లెక్క మొత్తం తారుమారవుతుంది. ఊహకు ఒక సర్వే తీసుకుందాం. మొదటి పార్టీకి 38, రెండో పార్టీకి 34, ఇతరులకు 12, చెప్పనివారు 16. చెప్పనివారిని తీసేసి మిగిలిన 84ను నూరుగా చేస్తే మొదటి పార్టీ 45కు, రెండోది 40.5కు చేరతాయి. గత నెల సర్వేలో చెప్పనివారిని ఉంచి, ఈ నెల తీసేస్తే, ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకుండానే మొదటి పార్టీ ఏడు పాయింట్లు ఎగబాకినట్టు కనిపిస్తుంది. ఒక సంస్థ అంకెను మరో సంస్థ అంకెతో పోల్చవద్దనేది ఇందుకే. ఒకే సంస్థ, ఒకే ప్రశ్న, ఒకే పద్ధతితో చేసిన వరుస సర్వేల్లో మాత్రమే ఎక్కుదిగుళ్లు వెతకాలి. వేర్వేరు సంస్థలవి పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తే, అన్నీ ఒకే దిక్కుకు కదిలాయా అన్నది ఒక్కటే చూడండి.

పొత్తులు ఈ పోలికను ఇంకా గజిబిజి చేస్తాయి. 2023లో 13 శాతం ఉన్న జేడీఎస్‌కు 2024 లోక్‌సభలో కర్ణాటకలో ఆరు శాతం లోపే వచ్చాయి. సగానికి పైగా ఓటర్లు వదిలేశారని ఈ అంకెకు అర్థం కాదు. బీజేపీతో పొత్తులో ఆ పార్టీ 28లో మూడు స్థానాల్లోనే పోటీ చేసింది, రెండు గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 21 స్థానాల్లో మాత్రమే నిలిచి అన్నీ గెలిచిన జనసేనకు రాష్ట్రం మొత్తం లెక్కలో కనిపించేది 7 శాతం లోపే. పోటీ చేసిన స్థానాల సంఖ్య చూడకుండా రాష్ట్ర శాతాన్ని చూస్తే బలాన్ని బలహీనతగా పొరబడతాం. రెండు పార్టీల పాత శాతాలను కూడిక చేసి పొత్తుకు అంకె కట్టడం కూడా ఊహే, ఓటు బదిలీ అవుతుందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి. అసెంబ్లీ ప్రశ్ననూ లోక్‌సభ ప్రశ్ననూ కలపకూడదు: 2023లో కాంగ్రెస్‌కు 135 స్థానాలు ఇచ్చిన ఇదే రాష్ట్రం ఏడాది తిరగకముందే లోక్‌సభకు ఆ పార్టీకి తొమ్మిది ఇచ్చి, 17 బీజేపీకి ఇచ్చింది.

నియోజకవర్గం పేరుతో వచ్చే జోస్యాలకు ఎక్కువ సమయం వెచ్చించనక్కర లేదు. కర్ణాటకంతా 20,000 మందిని అడిగినా 224 నియోజకవర్గాలకు పంచితే ఒక్కో చోట తొంభై మంది కూడా రారు, అంతమందితో వచ్చే అంకె పది పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. 2023లో మన జయనగరలో గెలుపోటములను తేల్చింది 16 ఓట్లు. కులాల, వయసుల, జిల్లాల వారీ పట్టికలకు కూడా ఇదే వర్తిస్తుంది, ఆ గడిలో ఎంతమంది ఉన్నారో రాయకపోతే దాన్ని దాటిపోండి.

తేదీ కూడా చూసుకోవాలి. సర్వే ప్రచురించిన తేదీ వేరు, జనాన్ని అడిగిన తేదీలు వేరు. అభ్యర్థుల ప్రకటనకూ పొత్తుకూ ముందు చేసిన సర్వేను ఆ తర్వాతి వార్తలతో కలిపి చదవకూడదు. ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగే ఎగ్జిట్ పోల్‌ను, ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ ప్రకారం పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట వరకు ప్రచురించడం నేరం, రెండేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశముంది. కాబట్టి ఆ మధ్యలో ‘లీకైన ఎగ్జిట్ పోల్’ అంటూ ఫోనుకు వచ్చే అంకెలు ఎవరివో ఎవరూ చెప్పరు, చదవకుండా తీసేయడమే మేలు.

చివరి పని కౌంటింగ్ తర్వాతిది, చాలామంది వదిలేసేదీ ఇదే. ఎన్నికల సంఘం ఓట్ల శాతాలు ప్రకటించాక, ఒక నోటు పుస్తకంలో ఒక్కో సంస్థ ఇచ్చిన శాతాన్నీ అసలు శాతాన్నీ పక్కపక్కన రాసుకోండి, సీట్లను వేరే గడిలో రాయండి. శాతాలు దగ్గరగా ఉండి సీట్లు తప్పినవారు మనుషులను సరిగానే అడిగారు, మార్పిడి లెక్కలో దెబ్బతిన్నారు. సీట్లు కుదిరి శాతాలు దూరంగా ఉన్నవారికి అదృష్టం కలిసొచ్చింది. తప్పు ఎటు వైపు జరిగిందో కూడా గుర్తుపెట్టుకోండి: అదే పార్టీకి ప్రతిసారీ ఎక్కువ చూపించే సంస్థ ఉంటే, దాని తర్వాతి సర్వే వచ్చినప్పుడు ఆ పార్టీ అంకెలోంచి ఎంత తగ్గించి చదవాలో ఆ పేజీయే చెబుతుంది.